లోస్ బాన్యోస్: వేడినీళ్ల పల్లె, వరి ఊరు (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఐఆర్8 అనే వరి రకం పేరు వినని వరి రైతు ఇల్లు మన దగ్గర దాదాపు ఉండదు. అది ఎక్కడిదంటే "ఫిలిప్పీన్స్‌ది" అనేస్తాం. ఫిలిప్పీన్స్‌లో ఎక్కడ అంటే మాత్రం చాలామంది ఆగిపోతారు. ఆ ఊరి పేరు లోస్ బాన్యోస్. నేను ఈ ఊరి సంగతులు చదవడం మొదలుపెట్టింది వరి కోసమే. తీరా చదివితే వరి కథ చివర్లో ఎక్కడో వస్తుంది, దానికి ముందు నాలుగు వందల ఏళ్ల ముచ్చట ఉంది. నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

లోస్ బాన్యోస్ ఎక్కడ ఉంది?

మనీలాకి ఆగ్నేయంగా 60 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, లగూనా ప్రావిన్స్‌లో. ఉత్తరాన లగూనా దె బాయ్ అనే సరస్సు ఉంది, ఫిలిప్పీన్స్‌లో అదే అన్నిటికంటే పెద్దది. దక్షిణాన మకిలింగ్ కొండ, ఎత్తు 1,090 మీటర్లు. ఈ రెండిటి మధ్య ఇరుక్కున్న నేలే ఊరు. ఈ ఇరుకు సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

సరస్సు పేరులోని 'బాయ్' పక్క ఊరి పేరు. స్పానిష్ కాలంలో 1688 దాకా ఆ ఊరే లగూనా ప్రావిన్స్‌కి రాజధాని. పేరు చూసి ఇంగ్లిష్ 'బే' అనుకుని దీన్ని సముద్రపు అఖాతం అనేవాళ్లు చాలామంది. కాదు, మంచినీటి సరస్సే. లోతు కూడా తక్కువ, సగటున రెండున్నర మీటర్లు.

ఆ పేరుకి అర్థం ఏమిటి?

స్పానిష్‌లో 'స్నానాలు', 'స్నానఘట్టాలు' అని. అంతకు ముందు ఊరి పేరు మైనిత్. తగలోగ్‌లో మైనిత్ అంటే వేడి. మకిలింగ్ చల్లారిన అగ్నిపర్వతం. పైన చల్లారింది గానీ లోపల వేడి అలాగే ఉంది, అందుకే కొండ అడుగున వేడినీళ్ల ఊటలు ఉబుకుతుంటాయి. ఊరివాళ్లు నీళ్లను చూసి 'వేడి' అని పిలుచుకున్నారు, వచ్చినవాళ్లు ఆ నీళ్లలో మునిగి 'స్నానాలు' అని పేరు పెట్టారు.

ఇప్పుడైతే అంత పేరు ఎవరూ పలకరు. అందరూ 'ఎల్బీ' అంటారు. ఎల్బీ నగర్ మెట్రో ఎక్కే హైదరాబాద్ వాళ్లకి ఇది కాస్త తమాషాగా ఉంటుంది.

ఊరు ఎప్పుడు పుట్టింది?

జనం ఎప్పటినుంచో ఉన్నారు. రికార్డుల్లోకి ఎక్కింది 16వ శతాబ్దం చివర్లో, ఫ్రాన్సిస్కన్ ఫాదర్లు వచ్చాక. వేడినీళ్లకు రోగాలు తగ్గుతాయని నమ్మి వాళ్లు ఇక్కడ ఆసుపత్రి పెట్టారు. దాని పేరు 'పవిత్ర జలాల మాత' మీద ఉండేది. అప్పటికి ఇది బాయ్ ఊరికి చెందిన శివారు పల్లె. 1615లో విడిపోయి సొంత ఊరైంది. సెప్టెంబర్ 17న స్థాపన దినం జరుపుకుంటారు, 2015లో 400 ఏళ్ల పండగ చేసుకున్నారు.

ఇక్కడే ఊరి స్వభావం తెలిసిపోతుంది. మామూలుగా పల్లె పెరిగిందంటే పంట వల్ల, సంత వల్ల, లేదా రేవు వల్ల. లోస్ బాన్యోస్ పెరిగింది మాత్రం బయటి నుంచి వచ్చినవాళ్ల వల్ల. మొదట రోగులు వచ్చారు, తర్వాత విద్యార్థులు, ఆ తర్వాత శాస్త్రవేత్తలు. మధ్యలో ఎవరూ కోరుకోని వాళ్లు, సైనికులు కూడా వచ్చారు.

ఇది 'మున్సిపాలిటీ' కదా, మరి పల్లె అంటారేం?

మాట ఒకటే గానీ అర్థం వేరు. మన దగ్గర పంచాయతీ పెరిగి పట్టణమైతే మున్సిపాలిటీ అవుతుంది. ఫిలిప్పీన్స్‌లో అలా కాదు. పొలాలూ కొబ్బరితోటలూ తప్ప ఏమీ లేని చోటు కూడా మున్సిపాలిటీయే. వాళ్ల భాషలో 'బాయన్'. మన మండలాన్ని ఊహించుకుని, దానికి నేరుగా ఎన్నికైన మేయర్ ఉన్నాడనుకోండి, దాదాపు సరిపోతుంది. మేయర్ పదవీకాలం మూడేళ్లు, వరసగా మూడుసార్లకు మించి ఉండకూడదు. మున్సిపాలిటీ కింద బరంగాయ్‌లు ఉంటాయి, అవి మన గ్రామపంచాయతీల్లాంటివి. బరంగాయ్ కెప్టెన్ అంటే మన సర్పంచే అనుకోండి.

లోస్ బాన్యోస్‌లో 14 బరంగాయ్‌లు ఉన్నాయి. విస్తీర్ణం 54 చదరపు కిలోమీటర్లు. 2020 లెక్కల ప్రకారం జనాభా 1,15,353. అంటే ఇప్పుడు దీన్ని అచ్చంగా పల్లె అనలేం. కానీ సరస్సు ఒడ్డున మాయోందోన్, బాయోగ్ వైపు చేపల పడవలు ఉన్నాయి, కొండవైపు తోటలు ఉన్నాయి. యూనివర్సిటీ గేటు దగ్గర నిలబడితే టౌను, కొంచెం దూరం పోతే పల్లె.

కొండ మీద దేవత ఉంటుందంటారు, నిజమా?

మరియా మకిలింగ్. కొండను, చెట్లను, జంతువులను కాపాడే అమ్మాయి. పేదవాళ్లకి అల్లం ఇస్తే ఇంటికెళ్లేసరికి బంగారం అయ్యేదని, మనుషుల అత్యాశ చూసి మనసు విరిగి మాయమైపోయిందని చెప్పుకుంటారు. దూరం నుంచి చూస్తే కొండ వాలు పడుకున్న స్త్రీలా కనిపిస్తుందని అక్కడివాళ్లు పిల్లలకి చూపిస్తారు. ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు హోసే రిజాల్ పుట్టింది (1861) పక్క ఊరు కలంబాలోనే. ఈ కథను కాగితం మీద పెట్టినవాళ్లలో ఆయన కూడా ఒకరు.

దేవత సంగతి ఎలా ఉన్నా చట్టం కాపలా మాత్రం గట్టిగానే ఉంది. 1910లోనే కొండను రిజర్వ్ ఫారెస్ట్ చేశారు. నాలుగు వేల హెక్టార్లకు పైగా అడవి ఇప్పుడు యూనివర్సిటీ చేతిలో ఉంది. 2013లో ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) వారసత్వ వనంగా గుర్తింపు వచ్చింది. ఆకులూ కాండం లేకుండా నేల మీద పువ్వు మాత్రమే పూసే రఫ్లేసియా ఇక్కడ ఉంది. నడక దారిలో ఒకచోట బురద కుతకుత ఉడుకుతూ కనిపిస్తుంది.

వ్యవసాయ కాలేజీ ఎలా వచ్చింది?

1909 మార్చి 6న. అప్పటికి స్పెయిన్ పోయి అమెరికా పాలన వచ్చి పదేళ్లయింది. కొత్తగా పుట్టిన ఫిలిప్పీన్స్ యూనివర్సిటీ తన వ్యవసాయ కాలేజీని ఈ కొండ కింద పెట్టింది. మొదటి డీన్ ఎడ్విన్ కోప్లాండ్, అమెరికా వృక్షశాస్త్రవేత్త. ఆ జూన్‌లో క్లాసులు మొదలైనప్పుడు ఉన్నది ఐదుగురు అధ్యాపకులు, 12 మంది విద్యార్థులు! మరుసటి ఏడాదే అటవీ పాఠశాల పెట్టారు. కాలేజీకి కింద పొలం, పైన అడవి, రెండూ నడిచి వెళ్లే దూరంలోనే ఉన్నాయి.

ఈ కాలేజీయే ఊరి నుదుటి రాతని మార్చేసింది. ఇప్పటికీ అక్కడి ఉత్తరాల మీద చిరునామా 'కాలేజ్, లగూనా' అని ఉంటుంది. అసలు ఊరి పేరు రాయనక్కర్లేదు. 1972లో అది పూర్తి స్థాయి యూనివర్సిటీ అయింది. దాని చుట్టూ అటవీ పరిశోధన, జీవ వైవిధ్యం, పశువులు, ఆగ్నేయాసియా వ్యవసాయ విద్య అంటూ ఒక్కో సంస్థా వచ్చి చేరింది. తాటిచెట్టు కింద ఒక్కడు నీడకి చేరితే పదిమంది చేరినట్టు.

1945 ఫిబ్రవరి 23న ఏం జరిగింది?

కథంతా చెప్పాలి, ఎందుకంటే సగమే చెప్పే అలవాటు చాలామందికి ఉంది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాన్ సైన్యం 1943లో కాలేజీ ఆవరణను నిర్బంధ శిబిరంగా మార్చింది. అందులో అమెరికన్లు, బ్రిటిష్ వాళ్లు, డచ్ వాళ్లు, పాస్టర్లు, నన్స్, పసిపిల్లలు కలిపి రెండు వేల పైచిలుకు మంది. 1945 మొదట్లో తిండి పూర్తిగా పడిపోయింది. జనం ఎముకల గూళ్లయ్యారు.

ఆ రోజు ఉదయం ఏడు గంటలు. కాపలా సైనికుల్లో చాలామంది ఆయుధాలు పక్కన పెట్టి వ్యాయామం చేస్తున్న వేళ. ఆకాశం నుంచి అమెరికా పారాట్రూపర్లు దిగారు. అదే నిమిషంలో, రాత్రి నుంచి పొదల్లో పొంచి ఉన్న ఫిలిప్పీనో గెరిల్లాలు, అమెరికా సైనికులు కంచె మీద పడ్డారు. గెరిల్లాల్లో కాలేజీ కుర్రాళ్లు కూడా ఉన్నారు. ఇంకోవైపు నీటిలోనూ నేల మీదా నడిచే బండ్లు, 50కి పైగా, చీకట్లోనే సరస్సు దాటి వచ్చాయి. విడుదలైన జనం మాత్రం కదలరు! సామాన్లు సర్దుకుంటూ, ఎవరెవరినో వెతుక్కుంటూ ఉండిపోయారు. జపాన్ దళాలు దగ్గర్లోనే ఉన్నాయి, టైమ్ లేదు. చివరికి గుడిసెలకు నిప్పంటించి, ఆ మంట వెనక తరుముతుంటే జనాన్ని బండ్ల వైపు నడిపించారు. ఖైదీలందరినీ సరస్సు దాటించేశారు.

సినిమా అయితే ఇక్కడ అయిపోతుంది. ఊరు మాత్రం అక్కడే ఉండిపోయింది. అమెరికా సైన్యం వెళ్లాక జపాన్ సైనికులు, వాళ్లతో చేతులు కలిపిన స్థానికులు తిరిగొచ్చి ఊరి మీద కసి తీర్చుకున్నారు. దాదాపు 1,500 మంది చనిపోయారు. ఆడవాళ్లు, పిల్లలు, ఇళ్లతో సహా. సైనిక పాఠాల్లో ఈ దాడిని ఒక్క తప్పు లేని ఆపరేషన్‌గా చెప్తారు, ఈ 1,500 మందిని చివర్లో ఒక వాక్యంలో పెడతారు. నాకు అది మింగుడుపడదు.

సరిగ్గా ఏడాదికి, 1946 ఫిబ్రవరి 23న, జపాన్ జనరల్ యమషితాను యుద్ధ నేరాలకు ఉరి తీసింది కూడా లోస్ బాన్యోస్‌లోనే.

వరి పరిశోధన సంస్థ ఎప్పుడు వచ్చింది?

1960లో. ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్లు డబ్బు పెట్టాయి, ఫిలిప్పీన్స్ ప్రభుత్వం, యూనివర్సిటీ చోటు ఇచ్చాయి. పేరు అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, అందరూ పిలిచేది 'ఇర్రీ' అని. మొదటి డైరెక్టర్ రాబర్ట్ చాండ్లర్. 1982 నుంచి 1988 వరకు మన ఎం.ఎస్. స్వామినాథన్ గారు దాని డైరెక్టర్ జనరల్.

లక్షకు పైగా వరి రకాల విత్తనాలు అక్కడి చల్లటి గదుల్లో దాచి ఉన్నాయి. నాకు అంతకంటే నచ్చింది ఒక మడి. 1960ల నుంచి ఆ మడిలో ఏడాదికి మొదట రెండు, తర్వాత మూడు పంటలు వేస్తూనే ఉన్నారు, నేల ఎంతకాలం తట్టుకుంటుందో చూడ్డానికి. మన రైతు "నేల అలిసిపోయింది" అంటాడే, ఆ మాటను 60 ఏళ్లుగా కొలుస్తున్న మడి అది.

ఐఆర్8 గొడవ ఏంటి అసలు?

పాత వరి పొడుగ్గా పెరిగేది. ఎరువు వేస్తే ఇంకా పెరిగి, కంకి బరువుకి పడిపోయేది. ఎరువు వేసి మరీ పంట పాడుచేసుకోవడమే. 1962లో పీటర్ జెన్నింగ్స్ అనే శాస్త్రవేత్త ఇండోనేసియా నుంచి వచ్చిన పొడుగు రకం పెటాని, తైవాన్ పొట్టి రకం డీ-జియో-వూ-జెన్‌తో కలిపారు. ఆ వరసలో అది ఎనిమిదో సంకరం. పేరులోని 8 అక్కడిదే. దాని సంతానంలోంచి పనికొచ్చే మొక్కను హెన్రీ బీచెల్ ఏరారు. మన దేశం నుంచి వెళ్లిన సురజిత్ దె దత్తా ఎరువుల మోతాదు మార్చి మార్చి పండించి చూశారు. హెక్టారుకు 9 టన్నులు దాటింది. మన లెక్కలో ఎకరాకు 75 కిలోల బస్తాలు దాదాపు 50! 1966 నాటి మాట ఇది, ఆ రోజుల్లో ఎవరూ నమ్మలేదంటే ఆశ్చర్యం లేదు.

1966 నవంబర్ 28న విడుదల చేశారు. ఫిలిప్పీన్స్ రైతులకి మనిషికి 2 కిలోల విత్తనం ఉచితం అన్నారు. బస్సుల్లో, సైకిళ్ల మీద, కొందరు నడిచి కూడా ఎల్బీకి వచ్చి తీసుకెళ్లారు.

ఫిర్యాదులూ ఉన్నాయి, దాచక్కర్లేదు. గింజ లావు, మధ్యలో తెల్లమచ్చ, అన్నం చల్లారితే గట్టిపడుతుంది. పొట్టి మొక్క కాబట్టి పశువులకి గడ్డి తక్కువ. సుడిదోమకి, ఆకు ఎండు తెగులుకి తట్టుకోలేకపోయింది. కడుపు నిండింది గానీ నోటికి ఇంపుగా లేదని మా పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. ఈ లోపాలు సరిచేస్తూ ఐఆర్36, ఐఆర్64 లాంటివి వచ్చాయి. వాటి వెనక ఉన్నది పంజాబ్ మూలాలున్న గురుదేవ్ ఖుష్. 1996లో ఆయనకి, బీచెల్‌కి కలిపి ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు.

మన ఊళ్లతో సంబంధం అంతేనా?

అంతే కాదు. పశ్చిమ గోదావరి ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు గారు 1967లోనే ఐఆర్8 వేసి, విత్తనం పెంచి, తోటి రైతులకి దారి చూపించారు. ఐఆర్8 అంటే ప్రపంచంలో చాలామంది ఇప్పటికీ ఆయన్నే తలుచుకుంటారు.

ఆచంటకి దగ్గర్లోనే మారుటేరు వరి పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి ఎంటీయూ 1010, అదే మన 'వెయ్యి పది', కృష్ణవేణి రకానికి ఐఆర్64కి పుట్టింది. అంటే ఎల్బీ అమ్మాయో అబ్బాయో మన ఇంటికి సంబంధం కలిసినట్టే. ఇటు నుంచి అటు కూడా పోయింది. మారుటేరు స్వర్ణ, ఎంటీయూ 7029, చేను చాలారోజులు నీళ్లలో పూర్తిగా మునిగితే కుళ్లిపోయేది. ఇర్రీ వాళ్లు ఒడిశా పాత రకంలోని ముంపు తట్టుకునే జన్యువుని దానిలోకి తెచ్చారు. రెండు వారాలు మునిగినా బతికే ఆ స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ గొప్ప అంటే చెప్పలేం, ఇచ్చిపుచ్చుకోవడం అది.

ఇంత పేరున్న ఊరు, ఇంకా సిటీ ఎందుకు కాలేదు?

2000లో ప్రెసిడెంట్ ఎస్త్రాడా 'ప్రత్యేక శాస్త్ర, ప్రకృతి నగరం' అని ప్రకటన ఇచ్చారు. వినడానికి బాగుంటుంది. కానీ అది బిరుదు మాత్రమే, హోదా కాదు. సన్మానంలో కప్పిన శాలువా లాంటిది.

సిటీ కావాలంటే కాంగ్రెస్ (అంటే అక్కడి పార్లమెంటు) చట్టం చేయాలి, ఊరి జనం ఓటు వేసి ఒప్పుకోవాలి. 2001లో సవరించిన నిబంధనల ప్రకారం సొంత ఆదాయం ఏడాదికి 10 కోట్ల పెసోలు, దాంతో పాటు 100 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గానీ, లక్షన్నర జనాభా గానీ ఉండాలి. తర్వాత కూడా మార్పులు వచ్చాయి గానీ చిక్కు ఎక్కడుందో ఈ లెక్కలోనే తెలుస్తుంది. ఊరి విస్తీర్ణం 54, జనాభా లక్షా పదిహేను వేలు. మొదట్లో ఇరుకు అన్నాను చూడండి, అదే. ముందుకి పెరగాలంటే సరస్సు, వెనక్కి పెరగాలంటే రిజర్వ్ ఫారెస్ట్. మధ్యలో మంచి నేలంతా యూనివర్సిటీది, వరి సంస్థది. యూనివర్సిటీకి చట్టరీత్యా పన్ను మినహాయింపు. ఊరికి పేరు తెచ్చినవే ఊరికి పన్ను కట్టవు!

మరి ఊరివాళ్లకి ఏం మిగిలింది?

ఉద్యోగాలు, అద్దెలు, తిండి వ్యాపారం. యూనివర్సిటీ గేటు బయట బాతోంగ్ మలాకే అనే బరంగాయ్ ఉంది, మాటకి అర్థం 'పెద్ద బండ'. అక్కడ దాదాపు ప్రతి ఇంటి గోడకీ 'బెడ్‌స్పేస్' బోర్డు కనిపిస్తుంది. గది కాదు, మంచం అద్దెకి. మన అమీర్‌పేట హాస్టళ్ల లెక్కే. కింద ఫొటోకాపీ షాపు, పక్కన లాండ్రీ, ఎదురుగా అన్నం హోటల్. విద్యార్థులు సెలవులకి వెళ్తే వీధి సగం నిద్రపోతుంది.

అవి కాక వేడినీళ్ల రిసార్టులు. ఇంటి వెనక చిన్న కొలను కట్టి అద్దెకిచ్చేవాళ్లూ ఉన్నారు. శని ఆదివారాలు మనీలా జనం కుటుంబాలతో దిగుతారు, మెయిన్ రోడ్డు మీద కారు కదలదు.

వరదలు వస్తాయా?

వస్తాయి. 2006లో మిలెన్యో తుపాను కొండవాలుని, ఊరిని గట్టిగా కొట్టింది. 2009లో ఒందోయ్ వచ్చినప్పుడు సరస్సు పొంగి ఒడ్డు బరంగాయ్‌లలో నీళ్లు వారాల తరబడి నిలిచాయి. లోతు తక్కువ సరస్సుతో వచ్చే చిక్కే అది, నీళ్లు వస్తే పక్కకి పరుచుకుంటాయి. ప్లాస్టిక్ సంచులు కాలవలకి అడ్డుపడకుండా 2008లోనే ఊరు నిషేధం పెట్టింది, దేశంలో చాలా ఊళ్లకంటే ముందు.

మన పిల్లలు ఎంబీబీఎస్‌కి వెళ్లేది ఇక్కడికేనా?

కాదు. వాళ్లు ఎక్కువగా వెళ్లేది దావావో, మనీలా వైపు. ఇక్కడికి వచ్చే తెలుగువాళ్లు ఎక్కువగా వరి మీద పనిచేసేవాళ్లే.

అక్కడ తినాల్సింది ఏమైనా ఉందా?

బుకో పై. బుకో అంటే లేత కొబ్బరి. అమెరికాలో పనిచేసి వచ్చిన ఒకామె యాపిల్ పై నేర్చుకుందని, ఇక్కడ యాపిల్ దొరక్క కొబ్బరితో చేసిందని, 1960లలో అలా మొదలైందని చెప్పుకుంటారు. వేడివేడిగా పెట్టెలో పెట్టి ఇస్తారు, అడుగు వేడికి మెత్తబడి అట్ట చేతికి తడిగా తగులుతుంది. లోపల కొబ్బరి మన బొబ్బట్టు పూర్ణమంత తీపి ఉండదు, లేత కొబ్బరి రుచి తెలుస్తుంది. బస్సెక్కేవాళ్ల చేతిలో ఈ పెట్టె లేకపోతే ఎల్బీ వెళ్లొచ్చినట్టు కాదు.

ఎలా వెళ్లాలి?

మనీలా నుంచి శాంతా క్రూజ్ బోర్డున్న బస్సులు ఊరి మీదుగా వెళ్తాయి. ట్రాఫిక్ బాగుంటే రెండు గంటలు, లేకపోతే మీ అదృష్టం. దిగాక జీప్నీ ఎక్కాలి. మన షేర్ ఆటోకి అన్నలాంటి బండి, ఎదురెదురు బల్లలు. డ్రైవర్‌కి దూరంగా కూర్చుంటే "బయాద్ పో" అని డబ్బులు పక్కవాళ్ల చేతిలో పెట్టాలి. అవి చేతులు మారుతూ డ్రైవర్ దాకా పోతాయి, చిల్లర అదే దారిలో తిరిగొస్తుంది.

ఒక జాగ్రత్త. తగలోగ్‌లో 'పో' అంటే మన 'అండి'. పెద్దవాళ్లతో, కొత్తవాళ్లతో ప్రతి మాట చివరా అంటారు. మీతో ఎవరైనా నవ్వుతూ "పో" అంటే వెళ్లిపొమ్మని కాదు, మర్యాద ఇస్తున్నారు. మీరు దిగాల్సిన చోటు రాగానే మీరు కూడా గట్టిగా "పారా పో" అనండి, బండి ఆగుతుంది.